చలి ముదిరినప్పుడు హీట్ పంపు: బ్యాకప్ హీటరు లెక్క

గోదావరి డెల్టాలో ఇంటిని వెచ్చబెట్టే యంత్రంతో ఎవరికీ పని పడదు. పుష్యమాసపు తెల్లవారుజామున కూడా ఇక్కడ ఉష్ణోగ్రత 18 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటుంది. ఒక దుప్పటి, ఒక మఫ్లరు, కాసేపట్లో వచ్చే ఎండ ఆ చలికి చాలు. అయినా భీమవరం, పాలకొల్లు, తణుకు, అమలాపురం వంటి ఊళ్లలో హీట్ పంపు అనే మాట చెవిన పడుతూనే ఉంటుంది. అక్కడి కుటుంబాల పిల్లలు న్యూజెర్సీలోనో, షికాగోలోనో, డాలస్‌లోనో, టొరంటోలోనో ఉంటున్నారు. వారిలో చాలామంది ఇళ్లను శీతకాలంలో వెచ్చగా ఉంచేది ఈ యంత్రమే. కొత్తగా ఇల్లు కొనుక్కున్న కొడుకులూ కోడళ్లూ, చలికాలంలో వారి దగ్గరకు వెళ్లిన తల్లిదండ్రులూ అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: నవంబరు బిల్లుకు జనవరి బిల్లు రెండింతలో మూడింతలో అయింది, ఇంట్లో ఎంత వేడి ఉండాలో నియంత్రించే థర్మోస్టాట్ తెర మీద ‘ఆక్స్ హీట్’ (తోడు వేడి) అని కనిపిస్తోంది, యంత్రం చెడిపోయిందా? చాలా సందర్భాల్లో ఏమీ చెడిపోలేదు. హీట్ పంపుకు తోడుగా పెట్టిన బ్యాకప్ హీటరు పని అందుకుంది. ఆ హీటరు ఏ పరిస్థితిలో అందుకోవాలో, ఏ పరిస్థితిలో అందుకోకూడదో తెలియకపోవడం వల్లనే బిల్లు అంతగా పెరుగుతుంది. గడ్డకట్టే చలి వల్ల పెరిగే ఖర్చు కొంత తప్పనిది, మిగిలినది తప్పించుకోగలిగినది. ఆ రెండింటినీ విడదీసి చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హీట్ పంపు మనకు తెలియని యంత్రమేమీ కాదు. మన ఇళ్లలోని స్ప్లిట్ ఏసీ గదిలోని వేడిని తీసుకుని బయటి యూనిట్ ద్వారా వీధిలోకి వదులుతుంది. లోపలి కాయిల్‌లో గ్యాసు మరుగుతూ గదిలోని వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ దానిని నొక్కి వేడెక్కిస్తుంది. బయటి కాయిల్‌లో అది తిరిగి ద్రవంగా మారుతూ ఆ వేడినంతా వదిలేస్తుంది. గ్యాసు ప్రవహించే దిశను తిప్పగల ఒక వాల్వును ఇదే యంత్రానికి చేర్చితే, బయటి కాయిల్ వేడిని పీల్చేదిగానూ లోపలి కాయిల్ వేడిని వదిలేదిగానూ మారిపోతాయి. వేసవిలో ఏసీగా పనిచేసిన పెట్టె చలికాలంలో హీటరుగా పనిచేస్తుంది. హీట్ పంపు అంటే ఇంతే.

ఇక్కడ చాలామందికి కలిగే సందేహం న్యాయమైనదే. బయట సున్నా డిగ్రీలు ఉన్నప్పుడు ఆ గాలిలో పీల్చుకోవడానికి వేడి ఎక్కడుంది? దీనికి సమాధానం భీమవరం చుట్టుపక్కల రొయ్యల కోసం, చేపల కోసం ఐసు దిమ్మలు తీసే ఏ ఫ్యాక్టరీలోనైనా కనిపిస్తుంది. అక్కడ ఉప్పునీటి తొట్టి సున్నాకు చాలా దిగువన, సుమారు మైనస్ 8 లేదా 10 డిగ్రీల వద్ద ఉంటుంది. అయినా అమ్మోనియా ఆ చల్లని ఉప్పునీటి నుంచి వేడిని లాగుతూనే ఉంటుంది, లాగిన వేడిని మే నెల ఎండలోకి వదులుతూనే ఉంటుంది. వేడి పూర్తిగా లేకుండా పోయేది మైనస్ 273 డిగ్రీల దగ్గరే. ఇళ్ల హీట్ పంపుల్లో వాడే గ్యాసులు మామూలు వాతావరణ పీడనం వద్ద సుమారు మైనస్ 50 డిగ్రీలకే మరుగుతాయి కనుక, మైనస్ 15 డిగ్రీల గాలి కూడా వాటికి వేడి గాలి కిందే లెక్క. కాబట్టి చలిగాలిలో వేడి ఉందా అన్నది అసలు సమస్య కాదు. ఆ వేడిని ఎంత ఎత్తుకు లేపాలి అన్నదే సమస్య.

కాలువ నుంచి చేలోకి నీరు తోడే మోటారును ఎరిగినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కాలువ నిండుగా ఉన్నప్పుడు పైపు నిండా వచ్చే నీరు, మట్టం అడుగంటినప్పుడు అదే మోటారుతో సగమే వస్తుంది; సరిగ్గా ఆ రోజుల్లోనే చేనుకు నీటి అవసరం ఎక్కువ. అందుకే శివారు భూముల రైతు కరెంటు మోటారు ఉన్నా ఒక ఆయిల్ ఇంజను కూడా సిద్ధంగా ఉంచుకుంటాడు. హీట్ పంపు విషయంలోనూ బయట చలి పెరిగేకొద్దీ అది తేగల వేడి తగ్గుతుంది, ఇంటికి కావలసిన వేడి పెరుగుతుంది. ఈ రెండూ ఒకేసారి ఎదురెదురుగా నడవడమే బ్యాకప్ అవసరానికి మూలకారణం.

ఒక యూనిట్ విద్యుత్తుకు ఎన్ని యూనిట్ల వేడి ఇంట్లోకి చేరుతుందో చెప్పే నిష్పత్తిని సీఓపీ అంటారు. మామూలు కరెంటు హీటరుకు, గీజరుకు, ఇస్త్రీపెట్టెకు అది సరిగ్గా 1; ఎంత ఖరీదైన హీటరు కొన్నా ఒక యూనిట్‌కు ఒక యూనిట్ వేడే వస్తుంది. సాధారణ హీట్ పంపుకు బయట 8 డిగ్రీలు ఉన్నప్పుడు సీఓపీ 3 దాటుతుంది, మైనస్ 8 డిగ్రీల దగ్గర దాదాపు 2కు దిగుతుంది. ఈ భావన కొత్తది కూడా కాదు. తరువాతి కాలంలో లార్డ్ కెల్విన్‌గా పేరొందిన విలియం థామ్సన్ ఇలాంటి యంత్రంతో భవనాలను వెచ్చబెట్టవచ్చునని 1852లోనే ప్రతిపాదించాడు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన సంవత్సరమూ అదే. 1938 నాటికి జ్యూరిక్ నగరసభ భవనాన్ని లిమ్మాట్ నది నీటి నుంచి తీసిన వేడితో వెచ్చబెట్టారు. నేడు ఐరోపాలో జనాభాతో పోల్చితే హీట్ పంపులు అత్యధికంగా ఉన్న దేశాలు నార్వే, స్వీడన్, ఫిన్లాండ్. చలిదేశాల్లో హీట్ పంపు పనిచేయదన్న మాట ఒకప్పటి చవకరకం యంత్రాల అనుభవం నుంచి పుట్టి, ఇంకా నిలిచిపోయిన మాట.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఒక మధ్యతరహా ఇల్లు ఉందనుకుందాం. లోపల 21 డిగ్రీలు ఉండాలి. లోపలికీ బయటికీ మధ్య ఒక్కొక్క డిగ్రీ తేడాకు గోడలు, కిటికీలు, కప్పు, సందుల గుండా 0.3 కిలోవాట్ల వేడి బయటకు పోతుందనుకుందాం. బయట సున్నా డిగ్రీలు ఉన్నప్పుడు ఆ ఇంటికి 6.3 కిలోవాట్ల వేడి కావాలి. మైనస్ 10 దగ్గర 9.3 కిలోవాట్లు కావాలి. ఆ ఇంట్లో మూడు టన్నుల సాధారణ హీట్ పంపు ఉందనుకుంటే, అది 8 డిగ్రీల దగ్గర సుమారు 10.5 కిలోవాట్లు, సున్నా దగ్గర 8.4, మైనస్ 10 దగ్గర 5.8 కిలోవాట్ల వేడి ఇవ్వగలదనుకోవచ్చు. ఇంటి అవసరం ఎక్కే గీత, యంత్రం సామర్థ్యం దిగే గీత మైనస్ 4 డిగ్రీల దగ్గర కలుస్తాయి. ఆ ఉష్ణోగ్రతను బ్యాలెన్స్ పాయింట్ అంటారు. దానికి పైన హీట్ పంపు ఒక్కటే సరిపోతుంది; దానికి దిగువన ఎంత లోటు పడితే అంత వేడిని బ్యాకప్ పూరించాలి.

బిల్లు మీద దీని ప్రభావం చూడండి. సున్నా డిగ్రీల రోజున 6.3 కిలోవాట్ల వేడిని 2.5 సీఓపీతో తెచ్చుకుంటే యంత్రం తినేది 2.5 కిలోవాట్లు, రోజంతటికీ 60 యూనిట్లు. మైనస్ 10 రోజున యంత్రం తన శక్తిమేరకు 5.8 కిలోవాట్లు ఇస్తుంది. సీఓపీ 2 అనుకుంటే అందుకు 2.9 కిలోవాట్లు తింటుంది. మిగిలిన 3.5 కిలోవాట్ల లోటును కరెంటు హీటరు ఒకటికి ఒకటి లెక్కన పూరిస్తుంది. మొత్తం 6.4 కిలోవాట్లు, అంటే రోజుకు సుమారు 154 యూనిట్లు. ఇంటికి కావలసిన వేడి ఒకటిన్నర రెట్లే అయింది, వాడిన కరెంటు మాత్రం రెండున్నర రెట్లయింది. జనవరిలో ఒక వారం గట్టి చలి పడితే బిల్లు ఎందుకు అంతగా ఎగబాకుతుందో ఈ రెండు అంకెలే చెబుతాయి. ఇది యంత్రం లోపం కాదు, ఎవరి పొరపాటూ కాదు. ఆ ఇంటికి ఆ యంత్రాన్ని ఎంచుకున్నప్పుడే నిర్ణయమైపోయిన ఖర్చు.

తప్పించుకోగల ఖర్చు మరో చోట ఉంది. అమెరికాలో గాలిగొట్టాల ద్వారా ఇల్లంతా వెచ్చబెట్టే పద్ధతిలో బ్యాకప్ అంటే ఎక్కువగా ఆ గొట్టంలోనే అమర్చిన కరెంటు హీటరు. గీజరులోని కాయిల్ వంటివే పెద్దవి కొన్ని కలిపి ఉంటాయి. 5, 10, 15, 20 కిలోవాట్ల సైజుల్లో వస్తాయి. పది కిలోవాట్ల హీటరు గంటసేపు వెలిగితే మన ఇళ్లలోని రెండు కిలోవాట్ల గీజర్లు ఐదు ఒకేసారి గంటసేపు వేసినంత ఖర్చు. ఇది బ్యాలెన్స్ పాయింట్‌కు దిగువన మాత్రమే రావలసిన సాయం. అయితే థర్మోస్టాట్‌కు చాలా ఇళ్లలో బయటి ఉష్ణోగ్రత తెలియనే తెలియదు. గదిలో ఉన్న వేడికీ మనం కోరిన వేడికీ మధ్య తేడా రెండు మూడు ఫారన్‌హీట్ డిగ్రీలు దాటిందా, లేక పంపు కొంతసేపు నడిచినా గది కోరినంత వేడెక్కలేదా అన్నవే అది చూస్తుంది. అంటే బయట హాయిగా 7 డిగ్రీలు ఉండి, పంపు ఒక్కటే నింపాదిగా ఆ పని చేయగలిగిన రోజున కూడా, ఎవరైనా ఒక్కసారిగా నాలుగైదు డిగ్రీలు పెంచితే కరెంటు హీటరు వెలిగిపోతుంది.

డెల్టా నుంచి వెళ్లిన తల్లిదండ్రుల సంగతి ఇక్కడే వస్తుంది. అక్కడి ఇళ్లలో సాధారణంగా పెట్టుకునే 68 ఫారన్‌హీట్ అంటే 20 డిగ్రీల సెల్సియస్. అది మన దగ్గర సంవత్సరం మొత్తంలో కొద్దిపాటి తెల్లవారుజాములకు మాత్రమే తెలిసిన చలి. అమ్మానాన్నలు మధ్యాహ్నం ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఒక్క నొక్కులో దాన్ని 75కు పెంచడం, సాయంత్రం కొడుకు వచ్చి మళ్లీ 68కి దించడం, మర్నాడు మళ్లీ అదే తంతు జరగడం ఊహించడానికి కష్టమేమీ కాదు. పెద్దవాళ్లకు 75 కావలసి ఉంటే 75లోనే ఉంచడం ఉత్తమం. రోజంతా నిలకడగా 75 ఉంచితే అయ్యే ఖర్చు కొంత ఎక్కువే గాని, రోజూ ఎక్కించి దించడంలో కరెంటు హీటరుకు పోసే ఖర్చును గమనిస్తే ఆ తేడా అనుకున్నంత ఉండదు. పెంచక తప్పనప్పుడు ఒకటి చొప్పున, గంటకో డిగ్రీగా పెంచుకుంటే పంపే ఆ పనిని చేసుకుపోతుంది.

రాత్రి పడుకునేటప్పుడు వేడి తగ్గించి, పొద్దున పెంచితే ఆదా అవుతుందన్న సలహా గ్యాసు మండించి ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేసుల కాలం నాటిది, గ్యాసు ఫర్నేసుకు అది ఇప్పటికీ సరైన సలహానే. కరెంటు బ్యాకప్ ఉన్న హీట్ పంపుకు మాత్రం అది తరచుగా తిరగబడుతుంది. పైన చెప్పిన ఇంట్లోనే సున్నా డిగ్రీల రాత్రి, 21 నుంచి 17కు తగ్గించారనుకుందాం. ఇల్లు మెల్లగా చల్లబడుతుంది గనుక రాత్రి అంతటికీ సగటున రెండు డిగ్రీలకు మించి తేడా ఉండదు. ఆ ఎనిమిది గంటల్లో ఆదా అయ్యే విద్యుత్తు రెండు యూనిట్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పొద్దున ఆరింటికి మళ్లీ 21 కోరగానే నాలుగు డిగ్రీల తేడా చూసిన థర్మోస్టాట్ పది కిలోవాట్ల హీటరును గంటసేపు వెలిగిస్తే పది యూనిట్లు పోయినట్టే. అదే వేడిని పంపు నాలుగు యూనిట్లలో తెచ్చి ఉండేది. రెండు మిగిల్చుకోబోయి ఆరు పోగొట్టుకోవడం ఇది. కొన్ని థర్మోస్టాట్లు ముందుగానే లెక్క వేసుకుని తెల్లవారుజామున మూడింటి నుంచే పంపును నెమ్మదిగా నడుపుతూ బ్యాకప్‌ను ముట్టుకోకుండా లక్ష్యాన్ని చేరుకుంటాయి. ఆ సదుపాయం ఉంటే రాత్రి ఒకటి రెండు డిగ్రీలు తగ్గించుకోవచ్చు. లేకపోతే కదపకుండా వదిలేయడమే మేలు.

‘ఆక్స్ హీట్’ పక్కనే ‘ఎమర్జెన్సీ హీట్’ అనే మరో మీట ఉంటుంది. బయట మంచు కురుస్తోంది, అత్యవసరమే కదా అనుకుని దానిని వేసేవారున్నారు. ఆ మీట వేసిన మరుక్షణం కంప్రెసర్ పూర్తిగా ఆగిపోతుంది, ఇంటి భారమంతా కరెంటు హీటరు మీదే పడుతుంది. మన ఉదాహరణలోని మైనస్ 10 రోజున పంపు, హీటరు కలిసి 154 యూనిట్లలో చేసిన పనికి ఈ మీట వేస్తే 223 యూనిట్లు అవుతాయి. కంప్రెసర్ కాలిపోయినా, బయటి యూనిట్ మంచుగడ్డలో కూరుకుపోయినా, మెకానిక్ వచ్చేలోగా ఇల్లు చల్లబడకుండా ఉంచడానికే అది ఉంది. ఎంత చలి ఉన్నా, నడుస్తున్న హీట్ పంపు ఒకటికి ఒకటిన్నరో రెండో ఇస్తూనే ఉంటుంది. దాన్ని ఆపి ఒకటికి ఒకటి ఇచ్చేదాన్ని ఎంచుకోవడంలో అర్థం లేదు.

బ్యాకప్ హీటరు న్యాయంగానే వెలిగే మరో సందర్భం ఉంది, కొత్తవారిని ఎక్కువగా భయపెట్టేదీ అదే. వేడిని పీల్చుకునే బయటి కాయిల్ చుట్టూ ఉన్న గాలి కంటే ఇంకా చల్లగా ఉంటుంది. అందుచేత గాలి 2, 3 డిగ్రీల దగ్గర ఉన్నా కాయిల్ సున్నాకు దిగువకు పోతుంది, గాలిలోని తేమ దాని మీద తెల్లటి మంచుపొరగా పేరుకుంటుంది. అది మందమైతే గాలి ఆడదు. యంత్రం అప్పుడు తన వాల్వును తిప్పుకుని కొన్ని నిమిషాలపాటు ఏసీగా మారుతుంది. ఇంట్లోని వేడిని తీసుకెళ్లి బయటి కాయిల్‌ను కరిగిస్తుంది. ఆ సమయంలో బయటి ఫ్యాను ఆగిపోతుంది, బుస్సుమన్న శబ్దం వస్తుంది, పెట్టె మీద నుంచి తెల్లటి ఆవిరి లేస్తుంది. పొగ అనుకుని కంగారు పడతారు. లోపలి గొట్టాల నుంచి చల్లగాలి వీచకుండా ఆ ఐదు పది నిమిషాలు కరెంటు హీటరు వెలుగుతుంది. ఇది ఎక్కువగా జరిగేది మైనస్ 15 డిగ్రీల పొడి చలిలో కాదు. సున్నాకు కాస్త అటూ ఇటూగా, పొగమంచుతో, తడితో ఉండే రోజుల్లోనే కాయిల్‌కు పట్టే మంచు ఎక్కువ. కొంచెం తక్కువ చలి ఉన్న రోజున బ్యాకప్ తరచుగా వెలుగుతోందేమిటి అన్న అనుమానానికి సమాధానం ఇక్కడ దొరకవచ్చు. అయితే కాయిల్ మొత్తం ఒకే మంచుదిమ్మగా మారి గంటల తరబడి కరగకపోతే అది నిజంగానే లోపం. గ్యాసు తగ్గిందో, సెన్సరు పోయిందో మెకానిక్ చూడాలి. స్క్రూడ్రైవరుతో గడ్డను పొడిచే ప్రయత్నం మాత్రం చేయకూడదు, కాయిల్ చిల్లుపడితే పోయేది గ్యాసు ఒక్కటే కాదు. పెట్టెను నేలకు అంటకుండా స్టాండు మీద నిలపడం, చుట్టూ పేరుకున్న మంచును ఎత్తివేయడం, కప్పు అంచు నుంచి కారే నీరు దాని మీద పడకుండా చూడడం అవసరం.

మరో అపోహ చేతికి తగిలే గాలి గురించి. గ్యాసు ఫర్నేసు నుంచి వచ్చే గాలి 50 డిగ్రీలు దాటుతుంది. హీట్ పంపు నుంచి వచ్చేది 32 నుంచి 40 మధ్య ఉంటుంది. మన చర్మం ఉష్ణోగ్రత 33 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది కనుక ఆ గాలి గోరువెచ్చగానే అనిపిస్తుంది. గోరువెచ్చని గాలి ఎక్కువసేపు రావడమే ఈ యంత్రం పద్ధతి. గంటల తరబడి ఆగకుండా నడుస్తోందన్నది ఫిర్యాదు చేయవలసిన విషయం కాదు.

బ్యాకప్ అన్నది కరెంటు హీటరే కానవసరం లేదు. చాలా ఇళ్లలో హీట్ పంపుతోపాటు గ్యాసు ఫర్నేసు ఉంటుంది. కరెంటు హీటరు పంపుతో కలిసి పనిచేయగలదు. ఫర్నేసు అలా చేయలేదు, ఎందుకంటే పంపు కాయిల్ ఫర్నేసు దాటిన తరువాత గొట్టంలో ఉంటుంది, వేడిగాలి దాని మీదికి వస్తే పంపు పీడనం పెరిగిపోతుంది. కాబట్టి ఒకటి ఆగితేనే మరొకటి నడవాలి, ఏ ఉష్ణోగ్రత దగ్గర మారాలన్నది ముందే నిర్ణయించాలి. ఇక్కడ చూడవలసింది యంత్రం సామర్థ్యం ఒక్కటే కాదు, రెండు ఇంధనాల ధరల నిష్పత్తి కూడా. అమెరికాలో గ్యాసును థర్మ్ అనే కొలతలో అమ్ముతారు. ఒక థర్మ్‌లో 29.3 యూనిట్ల వేడి ఉంటుంది. 95 శాతం సామర్థ్యమున్న ఫర్నేసులో అందులో 27.8 యూనిట్లు ఇంట్లోకి చేరుతాయి. థర్మ్ ధర ఒకటిన్నర డాలర్లు అనుకుంటే ఒక యూనిట్ వేడి 5.4 సెంట్లకు వస్తుంది. కరెంటు యూనిట్ 15 సెంట్లయితే, పంపు సీఓపీ 2.8కి పైన ఉన్నంతవరకే అది గ్యాసు కంటే చవక. సాధారణ యంత్రానికి అది నాలుగైదు డిగ్రీల దగ్గరే ముగిసిపోతుంది. అదే కరెంటు 11 సెంట్లకు దొరికే చోట సీఓపీ 2 దాకా, అంటే సుమారు మైనస్ 8 దాకా పంపునే నడుపుకోవచ్చు. పక్కింటివాళ్లు ఎన్ని డిగ్రీలకు పెట్టుకున్నారో అడగడం కంటే రెండు బిల్లులు ముందు పెట్టుకుని ఈ భాగహారం చేసుకోవడం మంచిది. కర్బన ఉద్గారాలు తగ్గించాలన్న పట్టుదల ఉన్నవారు ధర కలిసిరాకపోయినా పంపునే ఎంచుకోవచ్చు, అది వేరే లెక్క.

కరెంటు బ్యాకప్ ఉన్నవారికి ధరల భాగహారం అవసరం లేదు, అక్కడ పంపే ఎప్పుడూ చవక. వారు మెకానిక్‌ను అడగవలసింది ఒకటే: బయట ఎంత చలి పడేదాకా బ్యాకప్ వెలగకుండా బిగించవచ్చు? బయటి సెన్సరు ఉన్న థర్మోస్టాట్లలో ఈ హద్దు పెట్టుకోవచ్చు. ఇల్లు అమ్మిన బిల్డరో, యంత్రం బిగించిన మనిషో చలి ఫిర్యాదులు రాకూడదని ఆ హద్దును ఎక్కడో 10 డిగ్రీలకు పెట్టి వెళ్లిపోతారు, లేదా అసలు పెట్టరు. బ్యాలెన్స్ పాయింట్ మైనస్ 4 అయిన ఇంటికి హద్దు సున్నాకో 2 డిగ్రీలకో దించినా సుఖానికి లోటు ఉండదు. ఆ హద్దు సరిగ్గా ఉండి కూడా పంపు చాలడం లేదంటే అప్పుడు ఫిల్టరు దుమ్ముపట్టిందా, గ్యాసు కారిపోయిందా, గొట్టాలు అటక మీద ఊడి వేడి అక్కడే పోతోందా అని చూడాలి. మూడోది అనుకున్నదానికంటే తరచుగా బయటపడుతుంది.

బ్యాలెన్స్ పాయింట్‌నే కిందికి దించే మార్గాలు రెండున్నాయి. చలిదేశాల కోసం తయారుచేసిన ఇన్వర్టర్ హీట్ పంపుల్లో (కంప్రెసర్ వేగాన్ని అవసరం కొద్దీ మార్చుకునేవాటిలో) కొన్ని మైనస్ 15 దగ్గర కూడా తమ పూర్తి సామర్థ్యాన్ని దాదాపుగా నిలుపుకొంటాయి, ఇంకా దిగువన మైనస్ 25 దాకా తగ్గుతూ నడుస్తాయి. మన ఉదాహరణలోని ఇంట్లో అలాంటిది ఉంటే మైనస్ 10 రోజున బ్యాకప్ ఊసే లేకుండా దాదాపు 100 యూనిట్లతో గడిచిపోయేది. రెండోది ఇంటి సందులు మూయడం, అటక మీద ఇన్సులేషన్ పరచడం. డిగ్రీకి 0.3 కిలోవాట్ల నష్టాన్ని 0.2కు తగ్గించగలిగితే పాత యంత్రమే మైనస్ 9 దాకా ఒంటరిగా నెట్టుకురాగలదు. రెండింటిలో ముందు చేయవలసింది ఇదే. మన వాళ్లలో యంత్రం టన్నులు పెంచితే సరిపోతుందన్న నమ్మకం బలంగా ఉంది గాని, ఇన్వర్టర్ కాని పెద్ద యంత్రం వేసవిలో గదిని గబగబా చల్లబరచి ఆగిపోతుంది, తేమను సరిగ్గా తీయదు.

బ్యాకప్ హీటర్ల ప్రభావం ఇంటి బిల్లు దగ్గర ఆగదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను తాకిన మంచు తుపానులో 45 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలోని తెలుగు కుటుంబాలు ఆ రాత్రులను ఇంకా మరచిపోలేదు. గ్యాసు సరఫరా, విద్యుత్ కేంద్రాలు గడ్డకట్టి ఆగిపోవడం ప్రధాన కారణం. దానికి తోడు, సగానికి పైగా ఇళ్లు కరెంటుతోనే వెచ్చబడే ఆ రాష్ట్రంలో, తేలికపాటి చలికి సరిపడేలా బిగించిన హీట్ పంపులు చాలా భాగం ఒకేసారి తమ బ్యాలెన్స్ పాయింట్ దాటి కిందికి పోయాయి. మూడు కిలోవాట్లు తినే ఇల్లు పది కిలోవాట్లు తినే ఇల్లుగా మారడానికి గంట చాలు. కరెంటే లేకపోతే పంపూ లేదు, దాని బ్యాకప్పూ లేదు. గ్యాసు ఫర్నేసు కూడా దాని ఫ్యానుకు కరెంటు లేకపోతే వెలగదు. కరెంటు పోయిన రోజుకు వేరే ఏర్పాటు ఉండాలి: కట్టెల పొయ్యి గాని, చిన్న జనరేటరు గాని. జనరేటరును గరాజులో నడపకూడదన్న మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు; దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది.

ఇదంతా అక్కడి సంగతి. ఇదే యంత్రం డెల్టాలో వేరే రూపంలో, నీళ్లు కాచడానికి ఇప్పుడిప్పుడే వస్తోంది. హీట్ పంపు వాటర్ హీటరు చుట్టూ ఉన్న గాలిలోని వేడిని తీసి ట్యాంకులోని నీటికి ఎక్కిస్తుంది. జనవరిలో కూడా మధ్యాహ్నం 28 డిగ్రీలు ఉండే, తేమ నిండిన గాలి కంటే దానికి అనువైనది లేదు. మంచు పట్టే బెడద ఉండదు, సీఓపీ 3.5 దాకా ఆశించవచ్చు. 100 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 50కి పెంచడానికి గీజరుకు సుమారు 3 యూనిట్లు పడితే దీనికి ఒక యూనిట్ కూడా పట్టదు. అయినా నలుగురున్న ఇంటికి దీన్ని కొనమని చెప్పలేం. మనకు వేడినీళ్లు కావలసింది సంవత్సరంలో మూడు నాలుగు నెలలే, రోజుకు మిగిలేది రెండు యూనిట్లే. యూనిట్ ఏడు రూపాయలనుకున్నా చలికాలం మొత్తానికి పదహారు, పదిహేడు వందలు మించదు. ముప్పై గదుల లాడ్జీ, ఆసుపత్రి, హాస్టలు సంగతి వేరు. రోజుకు 2,400 లీటర్లు కాచే చోట గీజర్లు తినే 70 యూనిట్లు 20కి దిగుతాయి, అదీ ఏడాది పొడవునా.

అక్కడ కూడా బ్యాకప్ చిక్కు ఉంది. ఈ ట్యాంకుల లోపల ఒక మామూలు హీటరు కాయిల్ ఉంటుంది, నీరు చల్లబడితే పంపుతోపాటు అదీ వెలుగుతుంది. సంక్రాంతి మూడు రోజులు భీమవరం లాడ్జీలలో ఒక్క గది కూడా ఖాళీ ఉండదు. అందరూ తెల్లవారుజామున ఐదింటికీ ఏడింటికీ మధ్యనే స్నానాలు చేస్తారు. ట్యాంకు చిన్నదైతే ఆ రెండు గంటల్లో అది ఖాళీ అవుతుంది, పంపు అందుకోలేక హీటరు కాయిల్ వెలుగుతుంది, 20 యూనిట్ల లెక్క 50కి పోతుంది. యజమాని ముందుగా చూసుకోవలసింది పంపు టన్నులు కాదు, ట్యాంకు లీటర్లు. రోజంతటి అవసరంలో కనీసం మూడు వంతుల్లో రెండు వంతులు పట్టే ట్యాంకు పెట్టి, టైమరును మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం నాలుగు దాకా, గాలి వెచ్చగా ఉన్న వేళకు బిగించి, మిగిలిన కాస్త వేడిని తెల్లవారుజామున మూడింటికి ఎక్కించుకునేలా ఏర్పాటు చేసి, కాయిల్ మీటను విడిగా పెట్టించుకుంటే, పండుగ రోజుల్లో తప్ప దాన్ని వేయవలసిన అవసరం రాదు.